రివర్సు గేరు

మా నాన్న ముప్ఫై రెండేళ్ళు పడవకి బ్రేకుగా పనిచేశాడు.

అలంకారానికి అన్న మాట కాదిది. గోదావరి లంకల్లో తిరిగే పాత ఇంజను పడవలు చూసినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. పొలానికి నీళ్ళు తోడే డీజిలు ఇంజనునే తెచ్చి పడవలో బిగిస్తారు. పది హార్సుపవరు, ఒకటే సిలిండరు, హ్యాండిలు చేత్తో తిప్పి స్టార్టు చెయ్యాలి. ఇంజన్నుంచి షాఫ్టు తిన్నగా పడవ వెనక్కి పోయి నీళ్ళలో ఫ్యానుకి తగులుకుంటుంది. మా రేవు పడవలో మధ్యన క్లచ్చీ లేదు, గేరూ లేదు. ఇంజను తిరిగినంతసేపూ ఫ్యాను తిరుగుతుంది, పడవ ముందుకే పోతుంది.

మరి ఆగాలంటే? రేవు ఇంకా దూరం ఉండగానే సరంగు ఇంజను ఆపేస్తాడు. పడవ ఆ ఊపులోనే జారుకుంటూ వస్తుంది. ముందు కొసన గెడ పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉంటాడు. గెడ నేలకి తన్నిపెట్టి, రొమ్ము దానికి ఆనించి, ముప్ఫై మంది జనంతో వచ్చే పడవని ఆపుతాడు. గెడ జారితే నీళ్ళలోకి దూకి భుజం అడ్డం పెడతాడు. ఆ మనిషి పేరు కళాసీ. మా లంకలో కళాసీ ఎప్పుడూ మాలపేట నుంచే వచ్చేవాడు. పడవ కామందుది, చుక్కాని ఊరివాడిది, గెడ మాది.

మా నాన్న రొమ్ముకి కుడివైపు అరచెయ్యంత మేర నల్లగా కాయకాసి ఉంటుంది. ఎడమ చేతికి చిటికెనవేలు లేదు. పడవకీ రేవు మెట్టుకీ మధ్య నలిగిపోయింది. చిన్నప్పుడు ఆ కాయ మీదే తల పెట్టుకుని నిద్రపోయేవాణ్ణి. డిగ్రీకి వెళ్ళాక మాత్రం ఆయన దగ్గరొచ్చే డీజిలు వాసన నాకు సిగ్గయ్యేది. హాస్టలుకి బియ్యం మూట తెస్తే గేటు దగ్గరే తీసుకుని పంపేసేవాణ్ణి. ఈ ముక్క రాయకుండా మిగతాది రాస్తే అబద్ధం రాసినట్టవుతుంది.

పడవలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పరు, అందరికీ తెలుసు. రేకు కప్పు కింద బల్లల మీద ఊరోళ్ళు. ఇంజను పక్కన, పొగలో, గడ్డిమోపుల మీద మా ఆడవాళ్ళు. 1986 ఆగస్టు వరద నాటికి నేనింకా పుట్టలేదు. నాయనమ్మ చెప్పేది. అదే పడవ, అదే కళాసీ. కామందు గేదెలన్నీ గట్టెక్కాకే పడవ మా పేట వైపు తిరిగింది. నాయనమ్మ అప్పటికి చర్చి డాబా మీద రెండో రాత్రి గడుపుతోంది. "మీ నాన్న నా కళ్ళెదురుగానే గేదెల్నేసుకుని ఎల్లాడ్రా అబ్బాయ్" అనేది. కోపంగా కూడా అనేది కాదు. వాన కురిసింది అన్నట్టు అనేది.

డిగ్రీ రెండో ఏడు, 2008లో, రేవు పాట పాడుకున్న కామందుని ధైర్యం చేసి అడిగాను. "పడవకి రివర్సు గేరు పెట్టించొచ్చు కదండీ" అని. ఆయన నవ్వాడు. "గేరుకి యాభై వేలౌద్దిరా. మీ నాన్నకి రోజుకి వంద. నువ్వు లెక్కల్లో ఫస్టంట కదా, లెక్కేసుకో" అన్నాడు.

వేశాను. యాభై వేలంటే అయిదొందల రోజుల కూలి. మా నాన్న అప్పటికే ఇరవై ఏడేళ్ళుగా ఆ కొసన నిలబడి ఉన్నాడు. అయినా గేరు రాలేదు. అంటే లెక్క డబ్బుది కాదు. గేరు అరిగితే కామందే మార్పించాలి. మనిషి అరిగితే వాడి కొడుకొస్తాడు. ఆ రోజు నన్ను ఎగాదిగా చూసిన చూపులో ఆ లెక్క కూడా ఉంది. అంబేడ్కర్‌ని చదవడం నేను ఆ ఏడే మొదలుపెట్టాను. అప్పటిదాకా మా నాన్న వేలు పోవడం మా ఖర్మ అనుకునేవాణ్ణి.

కొడుకు ఆ కొసకి వెళ్ళలేదు. 2013లో టీచరుద్యోగం వచ్చింది. ఆ నెలే నాన్న చేత గెడ మాన్పించాను. నాలుగేళ్ళకి బదిలీ మీద మా లంక ఎలిమెంటరీ స్కూలుకే వచ్చాను. ఇక్కడ అయిదో తరగతి దాకానే. ఆరుకి వెళ్ళాలంటే పిల్లలు ఏరు దాటాలి. అంటే నేను పాసు చేసిన ప్రతి పిల్లా, పిల్లాడూ పడవెక్కాల్సిందే.

2018 జూలై 14న పశువుల్లంక దగ్గర గౌతమీ పాయలో, బడి నుంచి ఇళ్ళకి తిరిగొస్తున్న పిల్లల నాటుపడవ, కడుతున్న వంతెన పిల్లరుకి గుద్దుకుని బోల్తా పడింది. ఆడపిల్లలు గోదాట్లో కొట్టుకుపోయారు. ఆ సాయంత్రం మా రేవుకి పోయి నిలబడ్డాను. మా పడవ వచ్చింది. మా నాన్న చోట ఇంకో పేట కుర్రాడు గెడ పట్టుకుని ఉన్నాడు. వాడు నా దగ్గర చదవలేదు గానీ వాడి చెల్లెలు చదివింది. వెనకాల సంచి తగిలించుకుని ఆ పడవలోనే ఉంది.

కొన్నాళ్ళకి కామందు పెద్ద పడవ కొని పాతదాన్ని ఇసకలో పడేశాడు. దాన్ని మా పేట లంకభూముల సొసైటీ అరవై వేలకి కొంది. లంక పొలానికి మనుషులూ, హైస్కూలుకి పిల్లలూ మా పడవలోనే పోవాలని. 2019 ఎండాకాలంలో ఇంజను మార్చడానికి దిగాం. కాకినాడలో పాత బోట్ల సామాను అమ్మే చోట రెండు సిలిండర్ల ఇంజనూ, దానికి రివర్సు గేరుబాక్సూ దొరికాయి. నేను తీసుకున్న లోను అందులోనే పోయింది.

మెకానిక్ సాయిబు గారు వచ్చారు. మా ఇంట్లోనే తిన్నారు, మా ఇంట్లోనే పడుకున్నారు. తాటిదుంగలు మూడు కాళ్ళుగా నిలబెట్టి, చైను కప్పీతో పాత ఇంజను పైకి లేపితే కింద దుంగలు కుళ్ళి ఉన్నాయి. ఏళ్ళ తరబడి డీజిలూ నీళ్ళూ తాగి చేత్తో నొక్కితే పిండిలా రాలాయి. నల్లతుమ్మ దుంగలు కొత్తవి వేశాం. షాఫ్టు బుష్షు దగ్గర గాడి పడేలా అరిగిపోయింది. అదీ మార్చాం. కొత్త గేరుబాక్సు రెండుకి ఒకటి. ఇంజను రెండు చుట్లు తిరిగితే షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది. నెమ్మదిగా తిరిగే షాఫ్టుకి పెద్ద రెక్కలు కావాలి గనక ఫ్యానూ పెద్దది వేశాం.

ఇక మిగిలింది గేరుబాక్సునీ షాఫ్టునీ సూటిగా కలపడం. రెండింటి చివర్లా కప్లింగులుంటాయి. రెండు ముఖాలూ ఒకదానికొకటి సరిగ్గా ఆనాలి. పైనా, కిందా, పక్కలా సందు సమానంగా ఉండాలి. వంకర ఉంటే షాఫ్టు కొట్టుకుంటుంది, బుష్షు తినేస్తుంది. నేను బీఎస్సీ ఫిజిక్సు. ఫీలర్ గేజి పట్టుకుని ఒక రోజంతా కూర్చున్నాను. ఎక్కడ చూసినా తేడా నాలుగు థౌ దాటకుండా తెచ్చాను. అంగుళంలో వెయ్యోవంతుని థౌ అంటారు. బోల్టులు బిగించబోతుంటే నాన్న వెనకనుంచి అన్నాడు.

"ఇప్పుడే బిగించేకురా అబ్బాయ్. నీళ్ళలోకి దించాక సూడు."

"ఇనుము నీళ్ళలో మారదు నాన్నా" అన్నాను. ఆయన మళ్ళీ మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఆయనకి అలవాటే. ఆ అలవాటు ఎవరు చేశారో కథలు రాసే నాకు తెలుసు. అయినా ఆ క్షణాన కామందు గొంతే నా నోట్లోంచి వచ్చింది.

పడవ దించాం. మర్నాడు పొద్దున్న కప్లింగు ఊడదీసి గేజి పెడితే కింద సందు ఇరవై థౌ. సాయిబు గారు నవ్వారు. "మీ నాన్న చెప్పాడుగా మాస్టారూ" అన్నారు. ఇనుము మారలేదు. చెక్క మారింది.

"ఒడ్డున పడవ దుంగల మీద నిలబడుద్ది. ఏట్లో నీళ్ళ మీద పడుకుంటది. మనిషైనా అంతే కదా, నిలబడితే ఒకలా ఉంటాడు, పడుకుంటే ఒకలా ఉంటాడు" అన్నాడు నాన్న. షాఫ్టు మీద అరచెయ్యి వేసి, నెమ్మదిగా తిప్పుతూ, ఎక్కడ బరువుగా పోతోందో చెప్పాడు. ఆయన చెప్పిన చోట ఇంజను కాళ్ళ కింద సన్నటి రేకు ముక్కలు పెట్టుకుంటూ పోయాం. చివర్న గేజి పెడితే మూడు థౌ.

షాఫ్టు పడవ దాటి నీళ్ళలోకి పోయే చోట గ్లాండు ఉంటుంది. గ్రీజు పట్టిన తాడు చుట్టి బిగిస్తారు. ఒక్క చుక్క రాకుండా బిగించేశాను. "కాస్త వొదులు సెయ్యి. తిరిగేటప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు పడాలి. లేపోతే కాలిపోద్ది" అన్నాడు. సాయిబు గారు తలూపారు.

"ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నావు నాన్నా?"

"ముప్ఫై రెండేళ్ళు సాయిబు గారికి లాంతరు పట్టింది ఎవరనుకున్నావ్?"

పడవని ఆపే చెయ్యి అని మాత్రమే ఆయన్ని అందరూ చూశారు. నేనూ అలాగే చూశాను, జాలిపడుతూ. జాలిపడేవాడు కూడా ఎదుటివాడికి ఏం తెలుసో అడగడు.

మొదటి రోజు మా చిన్నాన్న కొడుకు సరంగుగా కూర్చున్నాడు. పిల్లల్ని ఎక్కించుకోలేదు, పేటోళ్ళం పదిమందిమి ఎక్కాం. వద్దంటున్నా నాన్న గెడ పట్టుకుని ముందు కొసకి పోయాడు. అవతలి రేవు దగ్గరపడింది. ఇంజను చప్పుడు ఆగలేదు. తమ్ముడు లివరు మధ్యకి తెచ్చి, ఒక్క క్షణం ఆగి, వెనక్కి లాగాడు. పడవ కింద నీళ్ళు తెల్లగా మరిగాయి. నాన్న గెడ నేలకి తన్ని, రొమ్ము ఆనించి, బరువు కోసం కాళ్ళు బిగించాడు.

బరువు రాలేదు. పడవ రేవుకి మూరెడు దూరంలో తనంతట తనే ఆగిపోయింది. నాన్న ముందుకి తూలి నిలదొక్కుకున్నాడు. అందరం నవ్వాం. ఆయనా నవ్వాడు. తర్వాత గెడ వంక చూసుకుంటూ, "రాలేదేంట్రా" అన్నాడు మెల్లగా.

ఆ ఏడు సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది. ఇంజను ఒక్కటే ప్రాణాలు కాపాడదని మళ్ళీ తెలిసింది. పిల్లలకి లైఫ్ జాకెట్లు కొన్నాం. పడవలో ఇరవై మందిని మించి ఎక్కనివ్వం. మా పడవలో బల్లల మీద ఎవరు ముందొస్తే వాళ్ళు కూర్చుంటారు.

చదువుకుంటున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక్క మాట. మీ ఊళ్ళో ఏ యంత్రంలో ఏ భాగం లేదో చూడండి. అక్కడ ఏ పేట మనిషి నిలబడి ఉన్నాడో చూడండి. 2013లో చట్టం వచ్చాక కూడా మ్యాన్‌హోల్లోకి దిగినవాడు యంత్రం ఉండాల్సిన చోటికే దిగాడు. అది సేవా కాదు, ఖర్మా కాదు. కొనని గేరు.

నాన్న గెడ ఇప్పుడు మా పెరట్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య కట్టి ఉంది. అమ్మ దాని మీద బట్టలారేస్తుంది.