కాలి కింది బండ... కంచం కిందికి!

చిన్న ఇల్లు. అందులో చిన్న డైనింగ్‌ టేబుల్‌. ఏ గోడకైనా ఇట్టే నప్పే బూడిద రంగు. ఫర్నిచర్‌ దుకాణాల్లో ఇప్పుడు ఈ రంగుకు మంచి గిరాకీ. రంగు వేసిందీ, అతికించిందీ కాకుండా నేలలోంచి పుట్టిన అసలు సిసలు బూడిద రంగును చూడాలంటే మాత్రం తాండూరు వెళ్లాలి.

సికింద్రాబాద్‌ నుంచి వాడి వైపు వెళ్లే రైలు వికారాబాద్‌ దాటాక కిటికీలోంచి చూస్తే నేల రంగు మారుతుంది. అనంతగిరి కొండల చుట్టుపక్కల ఎర్రమట్టి పోయి నల్లరేగడి మొదలవుతుంది. 1874లో, నిజాం కాలంలో వేసిన రైలు మార్గమిది. హైదరాబాద్‌ నుంచి వంద కిలోమీటర్లు దాటాక తాండూరు వస్తుంది. స్టేషన్‌ నుంచి కాస్త బయటికి నడిస్తే చాలు... రోడ్డుకు రెండు వైపులా నిలువుగా పేర్చిన రాతి పలకలు, రాయి కోసే యంత్రాల రొద, చెట్ల ఆకుల మీద తెల్లటి పొడి. కర్ణాటక సరిహద్దు ఊరు కావడంతో తెలుగు, కన్నడం, ఉర్దూ కలగలిసి వినిపిస్తాయి.

ఇక్కడి నాపరాయిలో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి పసుపు. రెండోదాన్ని వ్యాపారులు ‘బ్లూ’ అంటారు. తీరా చూస్తే అది నీలం కాదు, వానకు ముందు మబ్బులో కనిపించే బూడిద రంగు. తడిపితే మాత్రం లోపలి నీలిఛాయ బయటపడుతుంది!

సముద్రం మిగిల్చిన పొరలు

కోట్ల ఏళ్ల క్రితం ఇక్కడ సముద్రం ఉండేది. దాని అడుగున పొర మీద పొరగా పేరుకున్న సున్నపు మట్టే గట్టిపడి ఈ రాయిగా మారింది. సరిహద్దుకు అవతల షాబాద్‌లో దొరికేదీ ఈ కుటుంబానికి చెందిన రాయే. అందుకే హైదరాబాద్‌ పాత ఇళ్లలో పరిచినవాటిని ‘షాబాద్‌ బండలు’ అంటారు.

మల్కాపూర్‌, ఓగిపూర్‌ గనుల్లో ఈ పొరలు పుస్తకంలో పేజీల్లా కనిపిస్తాయి. పైమట్టి తీసి, రాతిపై గీతలు గీసి, రంపపు యంత్రంతో కోస్తారు. ఆ తర్వాత సందులో గడ్డపార దూర్చి ఎత్తితే పలక పలకగా లేచి వస్తుంది. వినడానికి తేలికే. కానీ మండుటెండలో, దుమ్ములో, నడుం వంచి చేసే పని అది. విట్రిఫైడ్‌ టైల్స్‌ ఇళ్లలోకి వచ్చాక నాపరాయికి గిరాకీ తగ్గింది. దాన్నే నమ్ముకున్న వారి ఉపాధికీ దెబ్బ తగిలింది. కొలతకు రాని ముక్కలు, పాలిష్‌ చేయగా మిగిలిన వ్యర్థాలు ఊరి చుట్టూ గుట్టలుగా కనిపిస్తాయి.

ఈ రాయి నేల మీదే ఉండాలన్న రూలేమీ లేదు. ఈ ప్రాంతంలో ఇంటి అరుగులు, గోడలు, ప్రహరీలు కూడా నాపరాళ్లే. అరుగు మీద కూర్చుని భోంచేసిన రాయిని నాలుగు కాళ్ల మీదికి ఎత్తితే అదే డైనింగ్‌ టేబుల్‌! ఒక్క టేబుల్‌ కోసం తాండూరు దాకా వెళ్లనక్కర్లేదు. పట్టణాల్లో బండలు అమ్మే చోట అడిగితే కావలసిన కొలతకు కోసి, అంచులు గుండ్రంగా చేసి ఇస్తారు.

చింతపండుతోనే చిక్కు

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు సంగతి ఇక్కడే ఉంది. నాపరాయి సున్నపురాయి. దానికి పులుపు పడదు. మన భోజనమేమో పులుపు లేనిదే ముద్ద దిగదు! చారు, పులిహోర, మజ్జిగ, నిమ్మకాయ పచ్చడి... వీటిలో ఏది ఒలికినా అందులోని ఆమ్లం రాతిపై పొరను కొద్దికొద్దిగా తినేస్తుంది. మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. తాండూరు నల్లరేగడిలో పండే కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పప్పుతో పెట్టిన పప్పుచారే ఆ ఊరి రాయికి శత్రువు కావడం విచిత్రం.

అలాగని వద్దనుకోనక్కర్లేదు. అద్దంలా మెరిసే పాలిష్‌కు బదులు మెరుపు లేని నునుపు చేయించుకుంటే మచ్చలు అంతగా కనిపించవు. రాయి నూనె, పసుపు పీల్చుకోకుండా సీలర్‌ పూయించాలి. అయితే సీలర్‌ నూనె మరకను ఆపుతుందే తప్ప పులుపును పూర్తిగా ఆపలేదు. కాబట్టి కంచం కింద చాప, ఒలికిన వెంటనే తడిగుడ్డ... ఈ రెండు అలవాట్లూ తప్పవు. ‘పిల్లలున్న ఇల్లు, అంత జాగ్రత్త మావల్ల కాదు’ అనుకునేవారికి బూడిద రంగు గ్రానైట్‌ మేలు. అది పులుపుకు అంత తొందరగా లొంగదు. ఏది ఏ రాయో తెలియకపోతే, దుకాణంలోనే చిన్న ముక్క మీద నిమ్మరసం చుక్క వేసి కొన్ని నిమిషాలు ఆగి తుడవండి. మెరుపు తగ్గితే అది సున్నపురాయే.

ముందు టేపు... తర్వాతే టేబుల్‌

షోరూమ్‌లో చిన్నగా కనిపించిన టేబుల్‌ ఇంటికొచ్చాక హాలంతా ఆక్రమిస్తుంది. కారణం, మనం టేబుల్‌ను కొలుస్తాం కానీ కుర్చీ వెనక్కి జరిపే చోటును కొలవం. ఒక మనిషి హాయిగా తినాలంటే టేబుల్‌ అంచున రెండడుగులు కావాలి. కుర్చీ జరిపి లేవడానికి కనీసం మరో రెండున్నర అడుగులు. నాలుగడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు టేబుల్‌ ఆక్రమించేది పది చదరపు అడుగులే. రెండు పక్కలా కుర్చీలు జరిపితే అది ముప్ఫై అవుతుంది! తెలంగాణలో 2015లో మొదలైన డబుల్‌ బెడ్‌రూమ్‌ పథకం ఇంటి విస్తీర్ణం 560 చదరపు అడుగులు. అలాంటి ఇంట్లో ముప్ఫై అడుగులంటే మాటలా?

అదే టేబుల్‌ను గోడకు ఆనిస్తే రెండున్నర అడుగుల దారి మిగులుతుంది. పొడవు వైపు ఇద్దరు, చివర్లలో ఒక్కొక్కరు కూర్చోవచ్చు. ఇక బరువు. నాలుగు బై రెండున్నర అడుగుల పలక, రెండు సెంటీమీటర్ల మందమైతే సుమారు యాభై కిలోలు తూగుతుంది. అద్దె ఇంట్లో ఉంటూ ఏటా మెట్లెక్కించాలంటే కష్టమే. అలాంటివారు రెండడుగుల చదరపు పలకలు రెండు పక్కపక్కన పెట్టించుకోవచ్చు. ఒక్కోటి ఇరవై కిలోలే. ఇద్దరు పట్టుకుంటే చాలు. కింద ఇనుప ఫ్రేమ్‌ మాత్రం అడ్డపట్టీలతో సహా ఉండాలి. ఊతం లేని చోటే పలక పగులుతుంది.

కుర్చీలూ బూడిద రంగేనా?

గచ్చు, గోడ, టేబుల్‌, కుర్చీ అన్నీ బూడిద రంగైతే ఇల్లు ముసురు పట్టినట్టుంటుంది. టేబుల్‌ బూడిద రంగుదైతే కుర్చీలు చెక్కవో, పేమువో తీసుకుంటే కళగా ఉంటుంది. కుర్చీలే బూడిద రంగువి కావాలంటే టేబుల్‌ చెక్కది చూసుకోవాలి. వెలుతురు తక్కువగా ఉండే ఫ్లాట్లకు లేత బూడిద రంగు నయం. ముదురు రంగు ఉన్న కాస్త వెలుగునూ మింగేస్తుంది. లేత రంగు గుడ్డ సీట్లు మాత్రం వద్దు, పసుపు మరక పడితే వదలదు. రెక్సిన్‌, చెక్క సీట్లైతే తుడుచుకోవచ్చు.

కుర్చీ సీటు పద్దెనిమిది అంగుళాలు, టేబుల్‌ ముప్ఫై అంగుళాల ఎత్తుంటే మోకాళ్లకు ఇబ్బంది ఉండదు. చేతులు లేని కుర్చీలైతే టేబుల్‌ కిందికి పూర్తిగా జరుగుతాయి. పిల్లలకు బల్ల సరిపోతుంది. పెద్దవాళ్లకు మాత్రం వీపు ఆనే కుర్చీ ఉండాల్సిందే.

కొనే ముందు...

* హాల్లో నేల మీద సుద్దముక్కతో టేబుల్‌ కొలత గీసి, కుర్చీలు వేసి రెండు రోజులు చూడండి. అటూ ఇటూ తిరిగేటప్పుడు కాలు తగిలితే కొలత తగ్గించాల్సిందే.
* చిన్న నమూనా ముక్క ఇంటికి తెచ్చి పగలు, రాత్రి లైటు వెలుగులో చూడండి. ఒకే బూడిద రంగు పసుపు బల్బు కింద ఒకలా, తెల్ల బల్బు కింద ఇంకోలా ఉంటుంది.
* నాపరాతిని నాణెంతో తట్టండి. ఖంగుమంటే మంచిది. మొద్దు శబ్దం వస్తే లోపల పొర విడినట్టే.
* బూడిద రంగు దుమ్మును దాస్తుంది కానీ చారు మరకను దాచదు. మీ ఇంట్లో రోజూ వండేదేమిటో ఆలోచించుకుని రాయి ఎంచుకోండి.