హారంలోంచి కొట్టేసిన పేర్లు

2015 సెప్టెంబరు 5న జిల్లా కేంద్రంలో నాకు శాలువా కప్పారు. మారుమూల ఊరి బడిని దారిలో పెట్టానని, రెండేళ్లలో హాజరు శాతం బాగా పెంచానని వేదిక మీద చదివారు. ఆ శాలువా ఇప్పటికీ బీరువాలో ఉంది.

నేను ఇరవై రెండేళ్లు లెక్కల టీచరుగా చేసి, ప్రమోషన్ మీద హెచ్ఎం అయినదాన్ని. భిన్నం విలువ పెరగాలంటే లవమైనా పెరగాలి, హారమైనా తగ్గాలి. ఇది చిన్న తరగతుల్లోనే చెప్పే పాఠం. మా బడికి రోజూ వచ్చే పిల్లల సంఖ్య ఏమంత పెరగలేదు. హాజరుపట్టీలో పేర్లు తగ్గాయి. ఆ పేర్ల మీద గీసిన ఎర్ర సిరా గీతలు నావి.

ఇన్నాళ్లూ ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. కొత్తగా హెచ్ఎం కుర్చీలో కూర్చునేవాళ్లలో, "నాకు పిల్లలందరూ ఒకటే" అని నాలాగే మనసారా నమ్మేవాళ్లు ఉంటారు. వాళ్ల కోసం రాస్తున్నాను.

నేను 2013లో చేరిన ఊరు కర్నూలు జిల్లా పడమటి వైపుది. ఆదోని, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, ఆ చుట్టుపక్కల ఎక్కడికి పోయినా చెవిన పడే మాట సుగ్గి. కన్నడంలో సుగ్గి అంటే పంట చేతికొచ్చే కాలం, సంబరం. సరిహద్దు దాటి ఇటు వచ్చేసరికి ఆ మాటకు వలస అని అర్థం వచ్చింది. పంట వేరేవాళ్లది, కోత వీళ్లది. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు అందే చేలు కొన్నే, మిగతా నేలంతా వాన మీదే. దీపావళి దాటితే ఊళ్లో పని ఉండదు. అప్పుడు మేస్త్రి వచ్చి ఇంటింటికీ అడ్వాన్సు ఇస్తాడు. గుంటూరు, ప్రకాశం, ఖమ్మం వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంపులు బయల్దేరతాయి. వంటపాత్రలు, పట్టాలు, దుప్పట్లు, ముసలివాళ్లు, చంటిపిల్లలు, అందరూ ఒకే లారీలో. తిరిగి వచ్చేది ఉగాదికి. పెద్దపిల్లలు కోతకు పనికొస్తారు, చిన్నపిల్లలు చంటివాళ్లను ఎత్తుకోవడానికి పనికొస్తారు. అలా నాలుగైదు నెలలు బడిలో వరసలకు వరసలే ఖాళీ.

నాది నంద్యాల వైపు. కాలువ కింద ఊరు. మా ఇళ్లలో పిల్లలు బడి మానడమంటే జ్వరమో పెళ్లో ఉండాలి. అందుకని ఈ ఖాళీ వరసలు చూస్తే నాకు పెద్దల నిర్లక్ష్యమే కనపడింది. చేరిన మొదటి నెలలోనే ప్రేయర్‌లో ఒక నియమం చదివాను. చెప్పకుండా వరసగా పదిహేను రోజులు రాకపోతే పేరు ఉండదు, ఎవరి పిల్లలైనా సరే. "ఎవరి పిల్లలైనా సరే" అన్న చోట గొంతు పెంచి చదివాను. సర్పంచి మనవడికీ అదే, కూలివాళ్ల పిల్లకూ అదే. ఇంతకన్నా న్యాయం ఏముంటుందని ఆ రోజు గర్వపడ్డాను. సర్పంచి మనవడు పదిహేను రోజులు ఊరు దాటి ఉండాల్సిన అవసరం ఏ జన్మకీ రాదని నాకు తట్టలేదు.

2014 ఉగాది వెళ్లిన వారంలో ఒక తండ్రి తన కూతుర్ని వెంటబెట్టుకుని ఆఫీసు గదికి వచ్చాడు. ఎనిమిదో తరగతి పిల్ల. లంగా మీద మగవాళ్ల ఫుల్‌చేతుల చొక్కా వేసుకుంది. కోతల్లో ఆడవాళ్లు ఎండకూ మంటకూ అలా వేసుకుంటారని తర్వాత తెలిసింది. వేళ్ల చివర్లు కందిపోయి, గోళ్ల చుట్టూ పొట్టు లేచి ఉంది. చేతిలో చుట్టచుట్టిన నోటుబుక్కు ఒకటి.

"సుగ్గికి పోయింటిమి మేడమ్. నిన్న రాత్రే దిగినాం. పాప పరీచ్చలు రాస్తాదంట."

రూలు చెప్పాను. పేరు లేదన్నాను.

"సుగ్గికి పోకపోతే ఏం తినాల మేడమ్?"

"అందరికీ ఒకటే రూలప్పా. నీ ఒక్కనికి మార్చలేను కదా."

అతను వాదించలేదు. పిల్ల ఒక అడుగు ముందుకు వేసి నోటుబుక్కు నా బల్ల అంచు మీద పెట్టింది. పనికి పోయిన చోట కూడా చదువుకున్నానని చెప్పడానికి తెచ్చిందనుకుని, ఇప్పుడివన్నీ చూసే తీరిక లేదన్నాను. తెరవకుండానే దాని వైపు జరిపాను. పిల్ల నోటుబుక్కు తీసుకుని మళ్లీ చుట్టచుట్టింది.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఎనిమిదో తరగతి పూర్తయ్యే దాకా ఏ పిల్లనూ బడిలోంచి తీసేయకూడదని అందులో 16వ సెక్షన్. అది నాకు తెలియక కాదు. శిక్షణ తరగతుల్లో తోటి టీచర్లకు చెప్పినదాన్ని. తెలుసు కాబట్టే "తీసేశాం" అన్న మాట ఎక్కడా రాయలేదు. టీసీ కావాలని తండ్రే కోరుతున్నట్టు అర్జీ రాయించి వేలిముద్ర వేయించుకున్నాను. కాగితం మీద అడిగింది అతను, ఇచ్చింది నేను. ఆ ఏడాది అలా వెళ్లిన పేర్లు ఒకటీ రెండూ కాదు. చట్టం తెలియనివాడు చేసేది పొరపాటు. నేను చేసింది పొరపాటు కాదు, తప్పు.

ఇంకొకటి కూడా చెప్పాలి, అదే బుద్ధితో చేసిందే. తొమ్మిది, పది తరగతుల ఎస్సీ పిల్లలకు 2012 నుంచి కేంద్రం ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్ ఇస్తోంది. దరఖాస్తులు ఎన్ని కావాలో పైనుంచి అడిగితే తరగతికి వెళ్లి "ఎస్సీ పిల్లలు లేచి నిలబడండి" అనేదాన్ని. లెక్కపెట్టుకుని "కూర్చోండి" అనేదాన్ని. ఒక్క నిమిషం పని. ఓసారి కిటికీ పక్కన ఒక పిల్లవాడు లేవలేదు. తల వంచుకుని పెన్సిలు చెక్కుతూ కూర్చున్నాడు. ఆ ఏడాది అతనికి స్కాలర్‌షిప్ రాలేదు. నాకు కావలసిన అంకె ఆఫీసులోనే, అడ్మిషన్ రిజిస్టరులోనే ఉంది. పది నిమిషాలు కూర్చుని పేజీలు తిప్పితే వచ్చేది. ఆ పది నిమిషాలు మిగుల్చుకోవడానికి నలభై మంది ఎదుట ఆ పిల్లల కులం చాటించాను. ఎన్నేళ్లు అలా చేశానో తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

కమిటీ సంగతీ అంతే. పాఠశాల కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు కావాలని, వెనకబడిన వర్గాల వాళ్లకు వాళ్ల పిల్లల సంఖ్యను బట్టి చోటివ్వాలని చట్టం. నా రిజిస్టరులో ఆ లెక్క ఎక్కడా తప్పలేదు. సమావేశాలు మాత్రం పనిదినాల్లో పొద్దున పదకొండు గంటలకు. ఆ వేళకు తీరిక ఉండేది ఎవరికి? చేను కౌలుకిచ్చినవాళ్లకూ అంగడి ఉన్నవాళ్లకూ. వాళ్లు వచ్చి కుర్చీల్లో కూర్చునేవాళ్లు, టీ తాగేవాళ్లు. కూలికి పోయిన తల్లుల సంతకాలకు రిజిస్టరును పిల్లల చేత ఇంటికి పంపేదాన్ని. ఏ తీర్మానం కింద వేలిముద్ర వేశారో ఆ తల్లుల్లో ఒక్కరికీ తెలియదు. పదిహేను రోజుల నియమానికీ వాళ్ల వేలిముద్రలు ఉన్నాయి.

మార్పు నాలోంచి పుట్టలేదు. 2016 వానాకాలంలో మా బడికి బదిలీ మీద వచ్చిన ఒక సోషల్ మాస్టారు ఆ ప్రాంతం మనిషే, సుగ్గికి పోయిన ఇంట్లోంచి చదువుకుని వచ్చినవాడు. ఒక సాయంత్రం ఆఫీసులో నిలబడి, "మేడమ్, మీటింగు రాత్రి ఏడింటికి కాలనీలో పెడదామా?" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. నన్ను తప్పుపట్టి ఉంటే మొండికేసేదాన్నేమో.

ఎస్సీ కాలనీలో వేపచెట్టు కట్ట మీద పెట్టాం. మైకు లేదు, కుర్చీలు లేవు. వీధి దీపం కింద నలభై మందికి పైగా ఆడవాళ్లు, వంటలు చేసి చేతులు తుడుచుకుంటూ వచ్చినవాళ్లు. చాలాసేపు ఎవరూ నోరు విప్పలేదు. చివరికి ఒకామె, కూర్చున్న చోటి నుంచే అడిగింది: "మేం పోయేది ఎప్పుడో, వచ్చేది ఎప్పుడో మీకు ముందే తెలుసు గదా మేడమ్. ఏటా అదే పోతాం, అదే వస్తాం. మరి చెప్పకుండా పోయినారని రాస్తారేంటికి?"

జవాబు లేదు నా దగ్గర. ఆ ఊరికి సుగ్గి దసరా సెలవులంత ఖాయం. నా క్యాలెండరులో దసరా ఉంది, సుగ్గి లేదు.

ఆ తర్వాత చేసినవి పెద్ద పనులేమీ కావు, ఎవరైనా చేయగలిగినవే. దసరా సెలవులు అయిపోగానే వీధివీధీ తిరిగి, ఎవరు పోతున్నారు, ఏ జిల్లాకు, ఏ మేస్త్రితో, పిల్లల్ని ఎవరి దగ్గర వదలగలరు అని ఒక పుస్తకంలో రాసుకున్నాం. పిల్లలు దాన్ని సుగ్గి రిజిస్టరు అన్నారు. అవ్వ దగ్గర ఉండగలిగిన వాళ్లను ఉంచమని బతిమాలాం. సర్వశిక్షా అభియాన్ కింద వలస కాలానికి నడిపే సీజనల్ హాస్టల్ కోసం ఏటా జనవరిలో అడిగేవాళ్లం, అప్పటికి లారీలు వెళ్లిపోయేవి. ఆ ఏడు లారీలు కదలకముందే పేర్లతో సహా అర్జీ పెట్టాం. వెంట వెళ్లక తప్పని పిల్లలకు చదువుతున్న తరగతి రాసి కాగితం ఇచ్చి, వాళ్లు దిగే ఊళ్లోని బడికి ఫోన్ చేశాం. టీసీ లేదని చేర్చుకోకుండా ఉండకూడదని చట్టంలోనే ఉంది. అయినా అవతలి హెచ్ఎం నోటితో "పంపండి" అనిపించుకుంటే తప్ప ఆ తండ్రి అక్కడి బడి మెట్లు ఎక్కడు. ఉగాదికి తిరిగొచ్చిన వాళ్లకు వేసవిలో పొద్దున పూట పాఠాలు. పేరు కొట్టేయడం ఆపేశాం.

హాజరు శాతం పడిపోయింది. మండల సమావేశంలో లేపి అడిగారు. హారంలో పిల్లలందరూ ఉన్నారని చెప్పాను. మెమో వచ్చింది, తీసుకున్నాను.

అన్నీ ఫలించాయని చెప్పను. గుంటూరు వైపు పంపిన కాగితాలు చాలావరకు జేబుల్లోనే నలిగిపోయాయి. మిరప చేనుకీ బడికీ మధ్య నాలుగు కిలోమీటర్లుంటే ఏ పిల్ల పోతుంది? హాస్టల్ ఒక ఏడాది తెరిచారు, ఒక ఏడాది ఆలస్యంగా తెరిచారు. అయినా మార్చిలో ఖాళీ వరసల్లో అక్కడక్కడా తలలు కనపడటం మొదలైంది. కమిటీలో కుర్చీల ముచ్చట పోయింది. వేపచెట్టు కట్ట మీద అడిగిన ఆమే చైర్‌పర్సన్ అయింది. బియ్యం బస్తాలు తూకం వేయించి మరీ సంతకం పెట్టేది.

2017 వేసవిలో, అలాంటి ఒక రాత్రి సమావేశం ముగిశాక, ఒకావిడ నా పక్కకు వచ్చి నిలబడింది. "మా పాపకు టీసీ ఇచ్చినారు మేడమ్, మూడేండ్లాయె" అంది. ఫుల్‌చేతుల చొక్కా పిల్ల తల్లి. పిల్లకు పదహారేళ్లు నిండగానే పెళ్లి చేశారట. బెంగళూరులో కట్టడం పనికి పోయారట ఇద్దరూ. ఆవిడ మాటల్లో నిష్ఠూరం లేదు. బడి మానిన ఆడపిల్లను ఇంట్లో ఎన్నాళ్లు పెట్టుకుంటామని మామూలుగా చెప్పింది. బడిలో పేరుండి ఉంటే పెళ్లి ఆగేదా అని అడగబోయి ఆగిపోయాను. ఆ ప్రశ్న ఆవిడను అడగాల్సింది కాదు.

ఇంట్లోకి వెళ్లి నోటుబుక్కు తెచ్చి చూపించింది. అట్ట ఊడిపోయింది. వీధి దీపం కిందకు జరిగి తెరిచాను. పదకొండు మంది పేర్లు నిలువుగా, తేదీలు అడ్డంగా, గడుల్లో ఎవరు ఎన్ని కిలోలు కోశారో. వరస చివర మొత్తం, కిందికి మొత్తం, మూలన రెండూ సరిపోయాయో లేదో చూసుకున్న టిక్కు. మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు, బియ్యానికి పట్టుకున్నది, ఆస్పత్రికి ఇచ్చింది, మిగిలిన బాకీ. ఒకచోట మేస్త్రి చెప్పిన అంకె కొట్టేసి పక్కన తన అంకె వేసింది. నేను మనసులో కూడి చూశాను. పిల్లదే సరైనది. నాలుగున్నర నెలల లెక్క, ఒక్క రోజూ తప్పలేదు. మా వెనకబడిన పిల్లల జాబితాలో, లెక్కల కింద, ఆ పిల్ల పేరు నా చేత్తోనే రాశాను.

"ఆ దినం నీకు చూపిచ్చాలనే తెచ్చింది మేడమ్" అంది తల్లి.

దాన్ని నా దగ్గర ఉంచుకోవచ్చా అని అడిగాను. ఆవిడ చేయి చాపి వెనక్కి తీసుకుంది. మేస్త్రి బాకీ ఇంకా తీరలేదని, లెక్కంతా అందులోనే ఉందని చెప్పి, నోటుబుక్కు చుట్టచుట్టి కొంగులో పెట్టుకుంది.