ఆఖరి రీలు తర్వాత...

రౌడీ మారిపోవడం మన సినిమాలకు కొత్తేం కాదు. పధ్నాలుగు రీళ్ళ పాటు కత్తి తిప్పినవాడు పదిహేనో రీల్లో తల్లి కన్నీళ్ళు చూసో, హీరోయిన్ చేత చెంపదెబ్బ తినో టక్కున మంచివాడైపోతాడు. వెనకాల వీణ మోగుతుంది. 'శుభం' కార్డు పడుతుంది. మనం చెప్పులు వెతుక్కుంటూ లేస్తాం.

మరి మర్నాడు పొద్దున సదరు రౌడీ ఏం చేశాడు? పాత స్నేహితులు వీధి చివర నిలబడి ఈల వేస్తే వెళ్ళాడా, ఆగాడా? ఏ దర్శకుడూ చూపించడు. చూపిస్తే టిక్కెట్లు తెగవు మరి!

ఈ ప్రశ్న నన్ను పట్టుకున్నది ఓ హాంకాంగ్ సినిమా చూశాక. పేరు 'ట్విలైట్ ఆఫ్ ది వారియర్స్: వాల్డ్ ఇన్'. 2024లో వచ్చింది. సోయ్ చెంగ్ దర్శకుడు. లూయీ కూతో పాటు సామో హంగ్ కూడా ఉన్నాడు. 'ప్రాజెక్ట్ ఎ'లో జాకీ చాన్ పక్కన బొద్దుగా ఉండి కూడా గాల్లో తేలిపోతాడే, ఆయనే! ఫైటింగులు అదిరిపోయాయి. ఏమాటకామాటే, నాకు మాత్రం ఫైటింగుల కన్నా ఆ కథ జరిగే చోటు ఎక్కువ పట్టేసింది.

అది కౌలూన్ వాల్డ్ సిటీ. మొత్తం ఆరున్నర ఎకరాలు. మన పల్లెల్లో ఓ మోస్తరు రైతు పొలమంత. అందులో 1980ల్లో సుమారు 33 వేల మంది కాపురం! ఒకదాన్నొకటి ఆనుకుని పది, పన్నెండు, పధ్నాలుగు అంతస్తుల మేడలు. కింద సందుల్లోకి ఎండ దిగదు, పైపుల్లోంచి నీళ్ళు మాత్రం కారుతుంటాయి. 1898లో బ్రిటిష్ వాళ్ళు చుట్టుపక్కల నేలంతా చైనా దగ్గర 99 ఏళ్ళకు లీజుకు తీసుకున్నప్పుడు ఈ పాత కోట ముక్క లీజులో చేరలేదు. ఆ తర్వాత దాన్ని వీళ్ళూ సరిగా పట్టించుకోలేదు, వాళ్ళూ పట్టించుకోలేదు. ఆసామి లేని ఇల్లు ఎవరి పాలవుతుందో మీకు తెలుసుగా! ట్రయాడ్లు అనే ముఠాల పాలైంది. మత్తుమందూ, జూదమూ రాజ్యమేలాయి. 1993, 94ల్లో దాన్ని కూల్చేసి పార్కు చేశారు. అందుకే సినిమా వాళ్ళు సెట్టు వేసుకోవలసి వచ్చింది.

ఆ సెట్టు వెనకాల అసలు కథేమిటా అని పుస్తకాలు తిరగేస్తుంటే ఇంకో జాకీ తగిలింది. చాన్ కాదండీ... పులింజర్!

జాకీ పులింజర్ ఇంగ్లండు అమ్మాయి. సంగీత కళాశాలలో ఓబో నేర్చుకుంది. అది మన సన్నాయికి దూరపు చుట్టం లాంటి వాయిద్యం. మిషనరీగా విదేశం వెళ్ళాలని ఆమె కోరిక. మిషనరీ సంస్థలు పంపమన్నాయి. 1966లో, 22 ఏళ్ళ వయసులో, చేతిలో కాస్త డబ్బుతో తనే ఓడెక్కేసింది. ఎక్కడ దిగాలో ముందు తెలీదు. దిగింది హాంకాంగ్‌లో. వాల్డ్ సిటీలో ఓ చిన్న బడిలో పాఠాలు చెప్పే పని దొరికింది.

బడికి రాని కుర్రాళ్ళు సందుల్లో కనిపించేవారు. పదిహేనేళ్ళు, పదహారేళ్ళు. కొందరు ముఠాల్లో, కొందరు హెరాయిన్ మత్తులో. వాళ్ళ కోసం ఓ గదిలో యూత్ క్లబ్బు తెరిచింది. వాళ్ళ భాష కాంటనీస్. పలుకు ఎత్తు కాస్త మారితే మాటకు అర్థమే మారిపోయే భాష! మరి ఈ తెల్లమ్మాయి కౌన్సెలింగ్ ఏం చేస్తుంది? కుర్రాళ్ళతో ఆడింది. పోలీసులు పట్టుకుపోతే కోర్టుకు వెళ్ళింది. జైల్లో వేస్తే చూడ్డానికి వెళ్ళింది. వాళ్ళు ఆవిడను మిస్ పూన్ అని పిలిచేవారు. పిలవడం అయితే పిలిచారు గానీ నమ్మలేదు. తెల్లవాళ్ళు వస్తారు, రెండేళ్ళు మంచి చెబుతారు, తమ దేశం వెళ్ళిపోతారు. మేమేగా ఇక్కడే ఉండాల్సింది అన్నది వాళ్ళ లెక్క. తప్పు లెక్క అనగలమా?

ఓ రాత్రి ఆ క్లబ్బునే ధ్వంసం చేశారు. గోడలకు మురుగు పూశారు. ఆవిడ ఏడ్చింది. ఏడ్చి, కడుక్కుని, మళ్ళీ తలుపు తీసింది. ఇంటర్వెల్ బ్యాంగు అక్కడే ఉంది చూడండి. ఆ తర్వాత ఆ పేటను ఏలే ముఠా నాయకుడే, ఈ క్లబ్బు జోలికి ఎవరూ పోకూడదని తన మనిషిని కాపలా పెట్టాడు!

కుర్రాళ్ళను ఆవిడ తన ఇంట్లోనే పెట్టుకుంది. కొందరు మత్తు మానారు. కొందరు మానినట్టే మాని మళ్ళీ సందుల్లోకి జారిపోయారు. 1980లో 'ఛేజింగ్ ది డ్రాగన్' అనే పుస్తకంలో ఇదంతా రాసింది. హెరాయిన్ మానేటప్పటి బాధలు ప్రార్థనతోనే పోయాయంటుంది ఆవిడ. అది ఆవిడ నమ్మకం. మత్తు వదిలించుకోవాలంటే డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటాను నేను. నన్ను కదిలించింది మహిమలు కాదు, క్యాలెండరు. ఏళ్ళ తరబడి, దశాబ్దాల తరబడి ఆవిడ అక్కడే ఉండిపోయింది. వెళ్ళిపోతుందన్న కుర్రాళ్ళ లెక్క తప్పింది చూశారా, నా దృష్టిలో ఆవిడ చేసిన కౌన్సెలింగ్ అదీ!

ఇలాంటి కథ హాలీవుడ్డులోనూ ఉంది. న్యూయార్క్ వీధుల్లో కత్తులు పట్టిన కుర్రాళ్ళ దగ్గరికి వెళ్ళిన పాస్టరు కథ 'ది క్రాస్ అండ్ ది స్విచ్‌బ్లేడ్', 1970లో వచ్చింది. గాయకుడు పాట్ బూన్ పాస్టరు, ఎరిక్ ఎస్ట్రాడా రౌడీ కుర్రాడు. అక్కడా చివర్లో కుర్రాడు మారతాడు. మారడం తెర మీద బాగుంటుంది. మారాక నిలబడ్డం ఏ కెమెరాకూ అందదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే మా అక్క కొడుకు గురించి. పదహారేళ్ళు. కాలేజీ మానేశాడు. ఓ బ్యాచ్‌తో తిరుగుతున్నాడు. రాత్రి పన్నెండింటికి ఎర్రబడ్డ కళ్ళతో ఇంటికొస్తాడు. అక్క ఫోను చేసి, "నువ్వు పేపర్లలో రాస్తావుగా తమ్ముడూ, వాడికి నాలుగు మంచి ముక్కలు చెప్పరా" అంది.

మంచి ముక్కలు వాడికి తెలియనివా? నాన్న చెప్పాడు, లెక్చరర్లు చెప్పారు, ఎదురింటి తాతగారైతే అడక్కుండానే చెప్పాడు. అందుకని నేనేమీ చెప్పలేదు. ఆదివారం సాయంత్రం వెళ్ళి, "టీ తాగుదాం పదరా" అన్నాను. మొదటి ఆదివారం వాడు సెల్‌ఫోన్ వంక చూస్తూ కూర్చున్నాడు. రెండోదీ అంతే. మూడో ఆదివారం నేనెళ్ళేసరికి ఇంట్లోనే లేడు. నేను ఒక్కణ్ణే వెళ్ళి టీ తాగి వచ్చాను.

అయిదో ఆదివారం అడిగాడు, "మావయ్యా, ఎన్నాళ్ళు వస్తావు ఇలా?" అని.

"నీకేం నష్టంరా, టీ డబ్బులు నావేగా" అన్నాను. నవ్వలేదు గానీ గ్లాసు పక్కన పెట్టి ఆ బ్యాచ్‌లో ఓ కుర్రాడి గురించి చెప్పడం మొదలెట్టాడు. పావుగంట చెప్పాడు. నేను మధ్యలో ఒక్క ముక్క అనలేదు.

వాడు మారాడా అంటే... ఇంకా లేదు. మొన్న మళ్ళీ రెండు రాత్రులు ఇంటికి రాలేదట. అక్క ఏడ్చింది. ఈ వారంతో తొమ్మిదో ఆదివారం.

మీ బ్యాచ్‌లోనూ అలాంటివాడు ఒకడుంటాడు. వాణ్ణి మార్చడానికి మీరు హాంకాంగ్ వెళ్ళక్కర్లేదు, ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. వాడు రాని రోజు కూడా మీరు వెళ్ళాలి. కష్టమంతా అక్కడే ఉంది.