ఉపేక్ష అంటే ఊరుకోవడమా?

నేను ధ్యానం చేస్తున్నానంటే మా ఇంట్లో అందరికీ సంతోషమే. "నయం, కోపం తగ్గింది" అంటున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు అనుమానం. నా కోపం తగ్గితే లాభమెవరికి?

ఓర్చుకోవడం ఆడవాళ్ళకి ఉగ్గుపాలతోనే పోస్తారు. అది నేర్పడానికి బుద్ధుడు రానక్కర్లేదు. ఇప్పుడు ఆఫీసుల్లో 'మైండ్‌ఫుల్‌నెస్' వర్క్‌షాపులు పెట్టి చెప్తున్నదీ చాలాసార్లు అదే. పని తగ్గించరు, ఊపిరి గమనించుకోమంటారు.

అయినా నేను మానలేదు. పాలవాడు రాకముందు ఇరవై నిమిషాలు కూర్చుంటాను. ముక్కు దగ్గర ఊపిరి రాకపోకలు చూస్తాను. పాలీలో దీన్ని ఆనాపానసతి అంటారు. ఊపిరిని బిగపట్టడం ఉండదు. ఉన్నదాన్ని ఉన్నట్టు తెలుసుకోవడమే. కోపమూ అంతే. గొంతు బిగుసుకోవడం, చెవులు వేడెక్కడం తెలుస్తాయి. మింగేసిన కోపాన్ని మనం చూడం. ఇక్కడ దాన్ని పూర్తిగా చూస్తాం.

మొన్నొక సెమినార్ ఏర్పాట్ల సమావేశంలో "భోజనాలు మేడమ్ చూసుకుంటారు" అన్నారొకాయన. గొంతు బిగిసింది. రెండు ఊపిరులు చూశాను. "పత్రాల ఎంపిక నేను చూస్తాను. భోజనాలు మీరు చూడండి సార్" అన్నాను. ఒకప్పుడైతే ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు.

5వ శతాబ్దపు బుద్ధఘోషుడు 'విశుద్ధిమగ్గ'లో ఉపేక్షకి దగ్గరి శత్రువు ఉందంటాడు. అది పైకి ఉపేక్షలాగే కనిపించే అజ్ఞానపు ఉదాసీనత. మనకి ఇంటా బయటా సహనం పేరుతో అంటగట్టేది ఈ శత్రువునే. థేరీగాథల్లో ముత్త రోలు, రోకలి, గూని మొగుడు అనే మూడు వంకరల నుంచి బయటపడ్డానని చెప్పుకుంది, ఓర్చుకున్నానని కాదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షల మందితో బౌద్ధం స్వీకరించిన అంబేద్కర్‌కీ అది కులాన్ని భరించే మార్గం కాదు, వదిలించుకునే మార్గం.

అలాగని బౌద్ధం మనకి పూలబాట వేసిందనీ అనను. దీక్ష తీసుకుని నూరేళ్ళయిన భిక్షుణి కూడా ఆ రోజే దీక్ష తీసుకున్న భిక్షువుకి నమస్కరించాలని వినయపిటకంలో నియమం ఉంది. థేరవాదంలో భిక్షుణీ సంఘం వందల ఏళ్ళ కిందటే అంతరించింది. 1996లో సారనాథ్‌లో, 1998లో బుద్ధగయలో స్త్రీలు మళ్ళీ ఆ దీక్ష తీసుకున్నారు. దాన్ని ఒప్పుకోని భిక్షువులు ఇప్పటికీ ఉన్నారు.

ఆ స్త్రీలూ రోజూ ఊపిరి చూసుకునే ఉంటారు. చూసుకుని, ఊరుకోలేదు.