గరుడ రొమ్ము మీది గీతలు

రామాపురం బీచ్‌లో తెల్లారేసరికి పడవలు ఒడ్డుకొస్తుంటాయి. చేపల కోసం గరుడ పక్షులూ దిగుతాయి. ఆ మసక వెలుగులో ఎగిరే పక్షిని పట్టాలంటే షట్టర్ సెకనులో 1600వ వంతు ఉండాలి, ఐఎస్‌ఓ 3200 దాటేస్తుంది. ఇంకేముంది, ఫొటో నిండా ఇసక చల్లినట్టు నాయిస్!

చాలామంది వెంటనే డీనాయిస్ స్లయిడర్‌ని చివరిదాకా లాగేస్తారు. ఆకాశం నున్నగా అవుతుంది, నిజమే. కానీ గరుడ తెల్లటి తల, రొమ్ము మీద సన్నటి ముదురు గీతలుంటాయి చూడండి, నాయిస్‌తోపాటు అవీ పోతాయి. పక్షి కాస్తా ప్లాస్టిక్ బొమ్మ అయిపోతుంది.

నేనైతే మాస్క్ వేసి ఆకాశానికి గట్టిగా, పక్షికి కొద్దిగా డీనాయిస్ ఇస్తా. షార్పెనింగ్ అన్నిటికన్నా చివర్న, సైజు తగ్గించాక, అదీ కన్ను, ముక్కు, ఈకల వరకే. రెక్క అంచున తెల్లటి గీత మెరిసిందంటే డోసు ఎక్కువైనట్టే. ఫోకస్ తప్పిన కన్నుని మాత్రం ఏ స్లయిడరూ బాగు చేయలేదు. అలాంటివి డిలీట్ చేసేయడమే.

‘ఇంకా గింజలు కనిపిస్తున్నాయి బ్రో’ అంటారు ఫ్రెండ్స్. కనిపించనీ. ఫొటోలో ఆ రొమ్ము గీతలు లెక్కపెట్టగలిగితే నాకు చాలు.