దారం తెగేదాకా లాగు

కొత్తగా వచ్చినవాళ్లెవరైనా సరే, పని నేర్పే ఆవిడ మొదట దారం తెంపిస్తుంది. వైస్‌లో బిగించిన కొక్కేనికి నాలుగు చుట్లు చుట్టించి, "లాగు, ఇంకా లాగు" అంటుంది. పుటుక్కున తెగుతుంది. "ఎంతవరకు లాగొచ్చో ఇప్పుడు నీ వేలికి తెలిసింది. ఇకనుంచి దానికి కాస్త ఇవతల ఆగు." మొదటి పాఠం అంతే. చుట్టు వదులైతే ఈక జారిపోతుంది, బిగువైతే దారం తెగుతుంది. ఆ రెంటి మధ్య ఉన్న సన్నటి చోటు ఎక్కడుందో నోటితో చెప్పి ఒప్పించడం ఆవిడకు ఇష్టం లేదు.

న్యూయార్క్ రాష్ట్రం, క్యాట్‌స్కిల్ కొండలు, లివింగ్‌స్టన్ మేనర్ దగ్గర అగ్నిమాపక దళం వాళ్ల హాలు. వాగుల్లోకి దిగలేని చలికాలంలో చుట్టుపక్కల గాలం వేసేవాళ్లు వారానికో సాయంత్రం ఇక్కడ చేరి ఫ్లైలు కట్టుకుంటారు. ఫ్లై అంటే ఈకలు, బొచ్చు, దారంతో కొక్కెం మీద కట్టిన పురుగు. నిజం పురుగే నీటి మీద వాలిందనుకుని ట్రౌట్ చేప దాన్ని అందుకోవాలి. న్యూజెర్సీలో మేం నడిపే చిన్న పత్రికకు రాయమని సంపాదకురాలు పంపితే వెళ్లాను. కొత్తవాళ్లకు అరువిచ్చే వైస్‌లు, బల్లలకు బిగించే దీపాలు, ఈకల పెట్టెలు అన్నీ తిప్పి చూపిస్తానన్నాడు నిర్వాహకుడు. నేను మాత్రం ఆ దారం తెంపించే ఆవిడ పక్క కుర్చీ వదల్లేదు.

ఆవిడ క్విల్ గోర్డన్ కడుతోంది. ఈ కొండల్లోనే నెవర్‌సింక్ నది ఒడ్డున బతికి 1915లో పోయిన థియోడోర్ గోర్డన్ పేరు మీద నిలిచిన ఫ్లై అది. 1890లో ఇంగ్లండ్ నుంచి ఫ్రెడరిక్ హాల్‌ఫర్డ్ అనే గాలం నిపుణుడు పంపిన నమూనాలు చూసి, అక్కడి నిదానపు నీళ్లకు కట్టినవి ఇక్కడి ఉరవడికి పనికిరావని తనవి తాను కట్టుకున్నాడు. ఈ ఫ్లై ఒంటికి కావలసింది నెమలి పింఛం. కంటి దగ్గరి పోగు ఒకటి తెంపి, పెన్సిల్ రబ్బరుతో నూగంతా తుడిచేస్తుంది. ఒక అంచు లేతగా, మరో అంచు ముదురుగా ఉన్న నార మిగులుతుంది. కొక్కెం చుట్టూ తిప్పితే అవే చారలవుతాయి. ఏప్రిల్ నెలాఖరుకు ఈ వాగుల్లోంచి పైకి లేచే మేఫ్లై పొట్ట మీద ఉండేవి సరిగ్గా ఆ చారలే. తర్వాత బాతు పక్క ఈకతో రెక్కలు, బూడిద రంగు కోడిపుంజు మెడ ఈకతో తోక. అదే రంగు ఈక ఇంకొకటి నిలువుగా చుడితే నీటి మీద తేల్చే కాళ్లు. చివర ముడి. "నెమలి మీ పక్షి కదా!" అంది, నా వైపు చూడకుండానే. ఆ ఎండిన వేళ్లు దారాన్ని ఒక్కసారి కూడా వదులు కానివ్వలేదు. మా అమ్మమ్మ మల్లెలు కట్టేటప్పుడు ఎడమచేతి బొటనవేలు పూలకాడల్ని ఇలాగే నొక్కి పట్టి ఉండేది.

వెనక బల్ల దగ్గర ఒక కుర్రాడు గొణుగుతున్నాడు. "పోయినవారం తెర మీద అంతా కనిపించింది. ఇంటికెళ్లి కడితే ఒక్కటీ నిలవలేదు."

పోయినవారం కెమెరా పెట్టారట. ఒకరు ముందు కూర్చుని కడితే, ఆ చేతులు పెద్ద తెర మీద అందరికీ కనిపించాయి. నిర్వాహకుడి ఇబ్బంది నిజమైనదే. నేర్పగలవాళ్లు నలుగురు, నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు ఇరవై మంది పైనే. ఒక్కొక్కరు ఇద్దరు, ముగ్గుర్ని మించి చూడలేరు. అయినా నేను ఒప్పుకోలేకపోయాను. దారం బిగువు తెర మీద కనిపించదు. పట్టు తప్పిన క్షణాన పక్కనుంచి ఒక వేలు వచ్చి ఆనాలి.

పని చేతితోనే పట్టుబడుతుందని ఈ ఊళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. పక్కనే ఉన్న రాస్కోలో వాల్ట్ డెట్ పడుచువాడుగా ఉన్నప్పుడు, ఫ్లైలు కట్టే రూబ్ క్రాస్ దగ్గరికి వెళ్లి పని నేర్పమన్నాడు. క్రాస్ నేర్పనన్నాడు. డెట్ ఆయన కట్టిన ఫ్లైలు సంపాదించి, ఒక్కో చుట్టూ విప్పుకుంటూ నేర్చుకున్నాడు. అప్పట్లో పనితనం అంటే దాచుకునేది. అలాంటి చోట ఇవాళ ఎవరైనా లోపలికి వచ్చి, ఎవరి పక్కనైనా కూర్చోగలుగుతున్నారంటే అది చాలా పెద్ద విషయం. దాన్ని తెరకు అప్పగించడం నాకు కష్టంగా తోచింది. నిరుటి నుంచి వస్తున్నవాళ్లను ఒక్కో కొత్తవాడి పక్కన కూర్చోబెట్టమని నిర్వాహకుడితో అన్నాను. "వాళ్లకే ఇంకా సరిగా రాదు" అన్నాడు. కొత్తవాళ్ల చేత వూలీ బగ్గర్ అనే ఫ్లైతో మొదలుపెట్టిస్తారు. పెద్ద కొక్కెం, మెత్తటి ఈక, తప్పు జరిగినా చేప క్షమిస్తుంది. ఆపాటి నేర్పడానికి నిరుడు నేర్చినవాడు చాలు. పైగా ఎక్కడ చెయ్యి తప్పుతుందో వాడికి ఇంకా గుర్తుంటుంది.

ఇంటికి తిరిగొచ్చే దారిపొడుగునా మా ఊరి తెలుగు సంఘమే తలపుల్లో తిరిగింది. బతుకమ్మ పండగంటే మాకు వేదిక, మైకు, పోటీ, బహుమతి. తల్లులు ముందురోజు రాత్రి ఇంట్లో ఒంటరిగా కూర్చుని పేరుస్తారు. పిల్లలు పూర్తయిన బతుకమ్మనే చూస్తారు, దాని పక్కన ఫొటో దిగుతారు. కాడలు ఎంత పొడవున తుంచాలి, నడుమ ఆకులు ఎంత కూరితే వరుస కుంగదు, తంగేడు దొరకని చోట బంతి, చామంతులతో ఎలా నెట్టుకురావాలి, ఇవేవీ వాళ్ల చేతికి అందవు. అవి తెలిసిన అమ్మమ్మలు, నానమ్మలు వీసా మీద వచ్చి ఆర్నెల్లు మన ఇళ్లలో టీవీ ముందు కూర్చుంటున్నారు. ఇది చూస్తూ ఊరుకోవడం మన తప్పు.

సంఘం కార్యదర్శికి ఉత్తరం రాశాను. పండగ ముందురోజు మధ్యాహ్నం, పండగ జరిగే హాల్లోనే బల్లలు వేయించండి, పూలు కుప్ప పోయించండి. బల్లకొక పెద్దావిడ, ఆవిడ చుట్టూ నలుగురు పిల్లలు. మైకు వద్దు, పోటీ వద్దు, ఫోన్లు బయట. పడిపోయిన వరుసను పిల్లలే మళ్లీ పేర్చుకోవాలి. ఒక పూట అద్దె అదనంగా పడుతుందని ఆయన జవాబిచ్చారు. వేదిక అలంకరణకు పెట్టే డబ్బులోంచి తీయమన్నాను.