వన్స్ మోర్ అనకూడదట!

మొన్న శనివారం రాత్రి టీవీలో 'లా బొహీమ్' చూశాం. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా నుంచి 1982 జనవరిలో ప్రసారమైన పాత ప్రదర్శన. పేద కవి రొడాల్ఫోగా హోసె కరేరాస్. చీకట్లో తాళంచెవి వెతుకుతుంటే పొరుగున ఉండే మిమీ చల్లటి చేయి తగులుతుంది, అది పట్టుకుని పాట ఎత్తుకుంటాడు. పాట మెల్లిగా మొదలై, ఎగసి, పైన నిలబడి, దిగింది. హాలంతా చప్పట్లు. నేను సోఫాలోంచే "వన్స్ మోర్!" అని అరిచాను.

"చేతిలో రిమోట్ ఉందిగా, వెనక్కి తిప్పుకోండి" అంది మా ఆవిడ, చిక్కుడుకాయలు తుంచుతూ.

ఒళ్లు మండింది. వెనక్కి తిప్పితే వచ్చేది అదే పాట, అదే ఊపిరి, నుదుటి మీద అదే చెమట. వన్స్ మోర్ అలా ఉంటుందా? మా ఊళ్లో రాయబారం నాటకంలో కృష్ణుడు రెండోసారి అదే పద్యం ఎత్తుకుంటే రాగాన్ని ఇంకో దారి పట్టించేవాడు. హార్మోనిస్టు తడబడి, తేరుకుని, వెంటపడేవాడు. జనం దగ్గరకొచ్చి నోటు పిన్నుతో గుచ్చిపోయేవాళ్లు. మూడోసారికి కృష్ణుడికి ఒంట్లో ఓపిక లేకపోయినా మాకు మాత్రం ఉండేది.

ఈ దొరలకు ఆ సరదా లేకపోలేదు. 1786లో వియన్నాలో మొజార్ట్ 'ఫిగారో పెళ్లి'కి జనం ఎన్ని పాటలు మళ్లీ పాడించారంటే, ఒకరికి మించి గొంతు కలిపే పాటలు మళ్లీ పాడకూడదని చక్రవర్తి రెండో జోసెఫ్ ఆజ్ఞ వేయాల్సొచ్చింది. ఇటలీలో కండక్టర్ టోస్కనీని వన్స్ మోర్ మీద కత్తి కట్టాడు. అప్పట్నుంచి బుద్ధిమంతులైపోయారు. 2008 ఏప్రిల్‌లో మెట్రోపాలిటన్ వేదిక మీద హువాన్ డియెగో ఫ్లోరెస్ తొమ్మిది 'హై సీ' తారస్వరాలున్న పాటను మళ్లీ పాడితే పత్రికలన్నీ వార్త రాశాయి. 1994లో పవరొట్టి తర్వాత అక్కడ ఒంటిగొంతు పాట మళ్లీ పాడినవాడు ఇతనేనట. పద్నాలుగేళ్లకో వన్స్ మోర్! మా ఊళ్లో అది పద్నాలుగు నిమిషాల లెక్క.

సరే, మెచ్చుకోవాల్సింది మెచ్చుకోవాలి. దాదాపు 3,800 సీట్ల హాల్లో గొంతుకి మైకు లేదు. దర్శకుడు ఫ్రాంకో జెఫిరెల్లీ రూపొందించిన రెండో అంకం తెర లేవగానే సెట్టుకే చప్పట్లు కొట్టారు! పారిస్ వీధి, దాన్నిండా జనం, నిజం గుర్రం, నిజం గాడిద. అన్నిటికంటే నాకు కన్నుకుట్టేది వాళ్ల దాచుకునే బుద్ధి. 1977 మార్చిలో ఇదే 'లా బొహీమ్'తో టీవీ ప్రసారాల పరంపర మొదలుపెట్టారు, పవరొట్టి రొడాల్ఫో, రెనాటా స్కాటో మిమీ. ఐదేళ్ల తర్వాత ఈ 1982 ప్రసారంలో అదే స్కాటో మ్యూసెట్టా అనే ఇంకో పాత్రలో గిలిగింతలు పెడుతుంది. రెండూ ఉన్నాయి, రెండూ చూడొచ్చు. మన పీసపాటి, షణ్ముఖి కృష్ణులుగా ఊళ్లు ఏలిన రాత్రులు ఎన్ని మిగిలాయి?

ఇక్కడ మా అమ్మాయి ఓ ప్రశ్న వేసింది. "నాన్నా, చివర్లో మిమీ చచ్చిపోతుంది కదా. అప్పుడు కూడా వన్స్ మోర్ అంటావా?"

చిక్కే. స్వరకర్త పుచీనీ ఆ చివరి అంకాన్ని ఎక్కడా తెగకుండా అల్లాడు. దగ్గు, చల్లబడుతున్న చేతులు, మిమీ పోయిందని అందరికంటే ఆఖరున తెలుసుకునే రొడాల్ఫో. మధ్యలో కేక వేస్తే పాపం తగులుతుంది. అంతమంది వాద్యగాళ్లు కండక్టర్ కర్ర వంక చూస్తూ కూర్చున్నచోట హార్మోనిస్టులా తిరిగి అందుకోవడమూ కుదరదు. నా దగ్గర జవాబు లేదు. హరిశ్చంద్ర కాటిసీను మాత్రం గుర్తొచ్చింది.

సంక్రాంతి వెళ్లాక, మా ఊరి చెరువుగట్టు పక్కన. చంద్రమతి కొడుకు శవం ముందేసుకుని ఏడుస్తోంది. పద్యానికి వన్స్ మోర్, మళ్లీ వన్స్ మోర్. శవమేమో మా తరగతి కుర్రాడు. మూడోసారి రాగం మధ్యలో దోమ కుట్టింది కాబోలు, లోహితాస్యుడు ఒక కాలితో ఇంకో కాలు గోక్కున్నాడు. ఎవరూ నవ్వలేదు. మా నాయనమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఉంది. కెమెరా అంత దగ్గరకెళ్లి మిమీగా వేసిన తెరెసా స్ట్రాటాస్ కంటిరెప్ప కూడా చూపిస్తే నేను మిమీ కోసం ఏడ్చిన మాట నిజమే. కానీ దోమ కుట్టిన శవం కోసం ఏడవగలిగిన ప్రేక్షకులది ఇంకో స్థాయి అని నా మొండి అభిప్రాయం.

ఇదంతా విని మా ఆవిడ, "అయితే ఆ కేకలున్న కేసెట్ ఒక్కటైనా వినిపించండి" అంది. నా దగ్గర లేదు. నాకు దొరికినవన్నీ స్టూడియోలో, ప్రేక్షకులు లేకుండా, చక్కగా కడిగి ఆరేసిన రికార్డింగులే.

అందుకే అడుగుతున్నాను. మీ ఇంట్లో అటక మీద, ట్రంకుపెట్టెలో, ఎవరో టేప్‌రికార్డర్ వేదిక ముందు పెట్టి పట్టిన రాయబారమో హరిశ్చంద్రో ఉంటే, టేపు అతుక్కుపోకముందే డిజిటల్‌లోకి ఎక్కించండి. శబ్దం బాగుచేసే కుర్రాళ్లకు మాత్రం ఒక మాట గట్టిగా చెప్పండి: ఈలలూ, దగ్గులూ, వన్స్ మోర్‌లూ కత్తిరించొద్దని.